ఇరుసు కుదిరాకే బలం లెక్క

కబడ్డీ ఆడే కుర్రాడు. ఎడమ మోకాలిలో ఏసీఎల్ లిగమెంటు తెగి, ఆపరేషన్ అయి, ఏడో నెల నడుస్తోంది. బలం కొలిచే యంత్రం మీద కూర్చోబెట్టి రెండు కాళ్లూ పరీక్షించాను. ఆపరేషన్ అయిన కాలి బలం మంచి కాలి బలంలో 91 శాతం అని తెర మీద వచ్చింది. 90 దాటితే మైదానం గురించి ఆలోచన మొదలుపెట్టవచ్చని మా రంగంలో చాలామంది పెట్టుకున్న గీత. కుర్రాడి ముఖం వెలిగిపోయింది. "సార్, వచ్చే నెల టోర్నీకి పేరు ఇచ్చెయ్యనా?" అన్నాడు.

బెల్టులు విప్పుతుంటే అతని కాళ్ల మీదకు చూపు పోయింది. ఎడమ కాలి మీద, యంత్రాన్ని కాలికి బిగించే ప్యాడ్ ఒత్తిన ఎర్రటి గుర్తు చీలమండకు రెండు వేళ్ల పైన తీరుగా, గీత గీసినట్టు ఉంది. కుడి కాలి మీద అదే గుర్తు బెత్తెడు మేర పైకి పాకి, అంచులు చెరిగిపోయి ఉంది. తన్నిన ప్రతిసారీ ప్యాడ్ జారిందన్నమాట. అప్పుడు గుర్తొచ్చింది. ఎడమ కాలికి సీటు, ఎత్తు, యంత్రం తల ఒక్కొక్కటీ వంగి చూసి సరిచేశాను. కుడివైపుకు మార్చేటప్పుడు బయట ఇంకో నలుగురు ఎదురుచూస్తున్నారని తొందరపడ్డాను. యంత్రం ఇరుసు మోకాలి ఇరుసుకు కిందుగా ఉండిపోయింది. తొడ బెల్టు కూడా వదులే.

రెండు రోజుల తర్వాత పిలిచి మళ్లీ కొలిచాను. ఈసారి 78 శాతం. ఎడమ కాలి అంకె దాదాపు పాతదే. పెరిగింది కుడి కాలిది. మొదటి రోజు మంచి కాలు తన బలమంతా చూపలేకపోయింది. అందువల్ల బలహీనమైన కాలు దానికి సాటిగా కనిపించింది. ఆ గుర్తు నా కంట పడకపోయి ఉంటే, సగం కోలుకున్న మోకాలితో అతను మ్యాట్ మీదకు దిగేవాడు.

ఆనాటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. కండరబలాన్ని కొలిచే యంత్రం ముందు మనిషిని ఎలా కూర్చోబెట్టాలి, దేన్ని ఎక్కడ బిగించాలి, ఎక్కడ ఆపాలి? ఈ విషయం మీద అరవై ఏళ్లుగా పోగుపడిన జ్ఞానం చాలా ఉంది. అందులో తేలిన సంగతులు ఏవి, తేలనివి ఏవి, మన దగ్గర చేసుకోగలిగేవి ఏవి అన్నది ఈ వ్యాసం. మొత్తం చదివి, చేసి, చూసి నాకు అర్థమైన మాట ఒక్కటే: రోగిని ఏ అమరిక కాపాడుతుందో, ఆ అమరికే నిజమైన అంకెనూ ఇస్తుంది. భద్రత ఒక పని, కొలత ఇంకో పని అని విడదీసిన చోటల్లా రెండూ చెడ్డాయి.

చేతి అంచనా నుంచి మోటారు దాకా

మనిషి బలాన్ని అంకెగా చెప్పాలన్న కోరిక పాతది. ఫ్రాన్స్‌లో ఎడ్మ్ రెన్యే 1798లోనే స్ప్రింగుతో పనిచేసే డైనమోమీటరును వివరించాడు. అయితే ఆసుపత్రుల్లో చాలాకాలం నడిచింది చేతి పరీక్షే. 20వ శతాబ్దం తొలినాళ్లలో బోస్టన్‌లో డాక్టర్ రాబర్ట్ లోవెట్ బృందం పోలియో సోకిన పిల్లల కోసం దాన్ని ఒక పద్ధతిలో పెట్టింది. సున్నా నుంచి 5 దాకా గ్రేడు వేసే పద్ధతి నేటికీ మన ప్రతి వార్డులో ఉంది. "పవర్ ఎంత?" అని డాక్టరుగారు అడిగితే "ఫోర్ బై ఫైవ్" అని చెబుతాం.

ఈ గ్రేడులో చిక్కు 4 దగ్గర ఉంది. గురుత్వాకర్షణను మించి కాస్త ఒత్తిడిని తట్టుకుంటే 4. పూర్తి ఒత్తిడిని తట్టుకుంటే 5. ఈ రెంటి మధ్య ఎంతో దూరం ఉంది. తొడ ముందు కండరాలు శరీరంలోని అతి బలమైన వాటిలో ఒకటి. వాటిలో మూడో వంతు బలం పోయినా చేతితో ఆపే ఫిజియోథెరపిస్టుకు తేడా తెలియకపోవచ్చు. కొలిచేవాడి చెయ్యే ముందు అలిసిపోతుంది.

1967లో హెలెన్ హిస్లాప్, జేమ్స్ పెరిన్ ఐసోకైనెటిక్ వ్యాయామం అన్న భావనను ప్రచురించారు. వేగాన్ని యంత్రం స్థిరంగా పట్టి ఉంచుతుంది. రోగి ఎంత బలంగా తన్నినా, కాలికి కట్టిన లివరు ముందే పెట్టిన వేగాన్ని దాటదు. ఎంత తోస్తే అంత ఎదురు నిలుస్తుంది, తోయడం ఆపితే ఎదురూ ఆగిపోతుంది. నొప్పి వచ్చిన క్షణంలో రోగి బలం తగ్గించుకుంటే యంత్రమూ తగ్గుతుంది. పైనుంచి బరువు పడదు. పునరావాస వైద్యంలో ఇది పెద్ద అడుగు. 1970 ప్రాంతంలో సైబెక్స్ పేరుతో ఇది ఆసుపత్రులకు చేరింది.

తర్వాత వచ్చిన కిన్‌కామ్, బయోడెక్స్ వంటి యంత్రాల్లో మోటారు చేరింది. ఇవి రోగి తోపుకు ఎదురు నిలవడంతో ఆగవు, తామే కాలిని కదిలించగలవు. కండరం సాగుతూ పనిచేసే తీరును కొలవడానికి ఇది వీలిచ్చింది. కానీ పాత యంత్రం ముందు కూర్చున్న రోగి తోయడం మానేస్తే సరిపోయేది. మోటారు యంత్రం ముందు కూర్చున్న రోగి మానేసినా లివరు కదులుతూనే ఉండవచ్చు. అమరికలో జాగ్రత్త విలువ ఇక్కడే రెట్టింపయింది.

రెండు బందుల తలుపు

తలుపుకు పైన ఒక బందు, కింద ఒక బందు ఉంటాయి. రెండూ ఒకే నిలువు గీతలో ఉంటేనే తలుపు మెత్తగా తిరుగుతుంది. ఒకటి పక్కకు జరిగితే కిర్రుమంటుంది, కొన్నాళ్లకు మేకులు ఊడతాయి. మోకాలు ఒక బందు, యంత్రం ఇరుసు ఇంకో బందు. రెంటినీ ఒకే గీతలోకి తేవడమే ఈ పనిలో మొదటిది, అతి ముఖ్యమైనది.

మోకాలికి గుర్తు ఏది? మోకాలి బయటివైపు, తొడ ఎముక చివర చేతికి తగిలే బొడిపె. దాని గుండా పక్కనుంచి పక్కకు వెళ్లే గీతను మోకాలి ఇరుసుగా తీసుకుంటారు. ఆ బొడిపెను బొటనవేలితో తడిమి, పెన్నుతో చుక్క పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని కంటిని ఆ ఎత్తుకు తెచ్చి, యంత్రం ఇరుసు మధ్యభాగం ఆ చుక్కకు ఎదురుగా ఉందా అని చూడాలి. నిలబడి పైనుంచి చూస్తే కన్ను మోసపోతుంది.

ఇక్కడే ఒక లోతైన చిక్కు ఉంది. మోకాలు మేకు కొట్టిన బందు కాదు. కాలు వంగుతున్న కొద్దీ తొడ ఎముక, కింది ఎముక మీద దొర్లుతూ జారుతూ ఉంటుంది. ఇరుసు స్థానం కోణంతో పాటు కాస్త కాస్త మారుతుంది. దానికి తోడు, బలంగా తన్నినప్పుడు సీటు మెత్త నొక్కుకుంటుంది, తొడ పైకి లేస్తుంది, లివరు కూడా కొద్దిగా వంగుతుంది. అందుకే ఖాళీగా కూర్చున్నప్పుడు కుదిరిన గీత, తన్నే క్షణంలో తప్పుతుంది. 1980ల నుంచి వాల్టర్ హెర్జోగ్, తర్వాత అరంపాట్జిస్ బృందం వంటి జీవయాంత్రిక శాస్త్రవేత్తలు యంత్రం చూపే టార్కుకూ (తిప్పే బలానికీ) కీలు దగ్గరి అసలు టార్కుకూ మధ్య తేడా ఉంటుందని లెక్కగట్టి చూపారు.

ఆచరణలో దీనికి తేలిక మార్గం ఒకటుంది. పరీక్షించబోయే కోణాల మధ్యలో కాలిని ఆపి, రోగిని సగం బలంతో తోయమని చెప్పి, ఆ తోపులో ఉండగానే చుక్కను, ఇరుసును మళ్లీ చూడాలి. తేడా ఉంటే అప్పుడు సర్దాలి. తర్వాత కాలిని చేత్తో మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తీసుకెళ్తూ ప్యాడ్‌ను గమనించాలి. అది చర్మం మీద పైకీ కిందికీ పాకుతోందంటే ఇరుసులు కలవలేదు. ఆ కబడ్డీ కుర్రాడి కుడి కాలి మీది ఎర్రటి చార నాకు చెప్పింది ఇదే. జారే ప్యాడ్ చర్మాన్ని గీరుతుంది, కీలు మీద అడ్డదిడ్డమైన ఒత్తిడి పెడుతుంది, అంకెనూ చెడగొడుతుంది. అపాయానికీ తప్పు అంకెకూ మూలం ఒక్కటే.

సీటు, వీపు, బెల్టులు

వీపు పలకను సుమారు 85 డిగ్రీల దగ్గర నిలిపి మోకాలిని పరీక్షించడం చాలాచోట్ల అలవాటు. ఈ కోణం ఏదో ఒకటి పెడితే సరిపోదు. తొడ ముందు, వెనుక కండరాల్లో కొన్ని తుంటినీ మోకాలినీ రెంటినీ దాటుకుని వెళ్తాయి. మనిషి నిటారుగా కూర్చుంటే తొడ వెనుక కండరాలు సాగి ఉంటాయి, ఎక్కువ బలం చూపుతాయి. వెనక్కి వాలితే అంత చూపవు. మొదటి నెల నిటారుగా, మూడో నెల వాలుగా కూర్చోబెట్టి "బలం తగ్గింది" అని రాస్తే అది కండరం చేసిన తప్పు కాదు. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవారి విషయంలో ఈ కోణం భద్రతకు కూడా సంబంధించింది. తుంటిని 90 డిగ్రీలకు మించి వంచవద్దని సర్జన్ చెప్పి ఉంటే వీపు పలకను ముందే వాల్చాలి.

సీటు అంచుకూ మోకాలి వెనుక మడతకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. అంచు మడతను ఒత్తితే అక్కడి రక్తనాళాలకూ నరానికీ మంచిది కాదు. సందు ఎక్కువైతే తొడకు ఆసరా పోతుంది. ఈ యంత్రాలు ఎక్కువగా పొడుగాటి దేహాల కొలతలతో తయారయ్యాయి. మన ఊళ్ల నుంచి వచ్చే పొట్టి అమ్మమ్మలు ఈ సీటులో వీపు ఆనించి కూర్చుంటే మోకాలు సీటు మీదే ఉండిపోతుంది. వీపు వెనుక గట్టి దిండు పెట్టి ముందుకు తేవాలి. మెత్తటి దిండు పనికిరాదు, తన్నినప్పుడు నొక్కుకుపోతుంది. ఏ మందం దిండు పెట్టామో రాసుకోవాలి కూడా.

ఇక బెల్టులు. ఛాతీ మీదుగా రెండు, నడుముకు ఒకటి, పరీక్షించే తొడకు ఒకటి. ఇవి మనిషి పడిపోకుండా ఆపడానికే అనుకుంటారు. నిజానికి వాటి పని ఇంకా ఉంది. తుంటి కదిలితే, వీపు లేస్తే, ఇతర కండరాలు సాయానికి వస్తాయి. అప్పుడు కొలిచింది దేని బలమో చెప్పలేం. తొడ బెల్టు వదులైతే మోకాలే గాలిలోకి లేస్తుంది. చేతులు ఛాతీ మీద కట్టుకోవాలా, పక్కనున్న పిడులు పట్టుకోవాలా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. పిడులు పట్టుకుంటే అంకె కొంత పెరగవచ్చు. ఏది చేసినా రెండు కాళ్లకూ, ప్రతిసారీ అదే చేయడం ముఖ్యం.

చీరతోనో పంచెతోనో వచ్చినవారికి బెల్టు కింద మడతలు పడి జారుతాయి, చర్మం ఒరుసుకుంటుంది. ముందురోజే వదులు పైజామా తెచ్చుకోమని చెప్పాలి. ఆడవాళ్లకు ఛాతీ బెల్టులు బిగించేటప్పుడు పక్కన మరో ఆడమనిషి ఉండాలి, దుప్పటి కప్పాలి. సిగ్గుతో ముడుచుకుపోయిన మనిషి బలంగా తన్నదు. మర్యాద కాపాడితే కొలత కూడా నిలుస్తుంది.

ప్యాడ్ ఎంత కింద?

మామూలుగా ప్యాడ్‌ను చీలమండ బొడిపెకు రెండు వేళ్ల పైన బిగిస్తారు. పాదం పైకి కిందికి ఆడటానికి చోటుండాలి. ఇరుసు దగ్గరే టార్కును కొలిచే యంత్రాల్లో ప్యాడ్ కాస్త పైకి జరిగినా లెక్క పెద్దగా మారదు. ప్యాడ్ దగ్గర బలాన్ని కొలిచి, దూరంతో గుణించే యంత్రాల్లో మాత్రం దూరం తప్పు వేస్తే అంకె మొత్తం తప్పుతుంది.

ఏసీఎల్ ఆపరేషన్ అయినవారి విషయంలో ప్యాడ్ స్థానం భద్రత ప్రశ్న. కాలు దాదాపు చాపే చివరి 30, 40 డిగ్రీలలో తొడ ముందు కండరం కింది ఎముకను ముందుకు లాగుతుంది. ఆ లాగుడును ఆపేది ఆ కొత్త లిగమెంటే. ప్యాడ్ చీలమండ దగ్గర ఉంటే ఈ లాగుడు ఎక్కువ, మోకాలి వైపు జరిపితే తక్కువ. అందుకే తొలినెలల్లో ప్యాడ్‌ను పైకి జరపడం, పూర్తిగా చాపనివ్వకుండా ఆపడం, లేదా కాలు కదలకుండా 60 నుంచి 90 డిగ్రీల మధ్య ఒకే కోణంలో తోయించి కొలవడం వంటి మార్గాలు వాడతారు. ఏ నెలలో ఎంతవరకు అన్నదాని మీద సర్జన్లలోనే భేదాలున్నాయి. కాబట్టి ఆపరేషన్ చేసిన డాక్టరు రాసిన అనుమతి లేకుండా పూర్తి బలంతో తన్నించకూడదు.

ప్యాడ్ గురించి ఇంకో రెండు హెచ్చరికలు. మోకాలి కింద బయటివైపు చిన్న ఎముక తల దగ్గర ఒక నరం చర్మానికి ఆనుకునే వెళ్తుంది. ప్యాడో బెల్టో దాన్ని నొక్కితే పాదం తిమ్మిరెక్కుతుంది, మరీ ఎక్కువైతే పాదం వాలిపోతుంది. రెండోది షుగర్ ఉన్నవారి చర్మం. కాళ్లలో స్పర్శ తగ్గినవారికి ప్యాడ్ కోసుకుపోయినా తెలియదు. పరీక్షకు ముందూ తర్వాతా కాలిని వెలుతురులో చూడడం తప్పనిసరి.

కాలి బరువును లెక్కలోకి తీసుకోవడం

బియ్యం తూచే ముందు కాటా సున్నా దగ్గర ఉందా, గిన్నె బరువు తీసేశామా అని చూస్తాం. ఇక్కడ గిన్నె ఏమిటంటే రోగి కాలు. తన్నేటప్పుడు కండరం తన కాలి బరువును కూడా ఎత్తుతుంది, ఆ భాగం యంత్రానికి కనబడదు. వెనక్కి లాగేటప్పుడు కాలి బరువే సాయం చేస్తుంది, ఆ సాయం కండరం ఖాతాలో పడుతుంది.

లెక్క చూద్దాం. 70 కిలోల మనిషికి మోకాలి కింది భాగం, పాదంతో కలిపి, సుమారు 4 కిలోలు. ఆ బరువు మోకాలి నుంచి పావు మీటరు దూరంలో ఉందనుకుంటే, కాలు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు దాని టార్కు దాదాపు 10 న్యూటన్ మీటర్లు. ఆ స్థితిలో 160 న్యూటన్ మీటర్లు చూపగల క్రీడాకారుడికి యంత్రం 150 అంటుంది. తేడా చిన్నదే. కానీ పక్షవాతం తర్వాత 20 మాత్రమే చూపగలిగిన పెద్దాయనకు అది 10 అంటుంది, సగానికి సగం. ఆయన తొడ వెనుక కండరం నిజంగా 20 అయితే 30 అంటుంది. బలహీనుడికే ఈ తప్పు ఎక్కువ అన్యాయం చేస్తుంది. ఈ యంత్రం ఎవరి కోసం పుట్టిందో వారినే అది తప్పుగా కొలుస్తుంది.

వింటర్, వెల్స్, ఓర్ 1981లోనే ఈ తప్పు ఎంత పెద్దదో చూపారు. ఆ తర్వాత యంత్రాలు కాలిని తూచే ఏర్పాటుతో వచ్చాయి. రోగి కాలిని పూర్తిగా వదిలేస్తే యంత్రం దాన్ని పట్టి తూచుతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కాలిని పూర్తిగా చాపి తూస్తే, బిగుసుకున్న తొడ వెనుక కండరాల లాగుడు కూడా బరువుగా లెక్కలో చేరుతుంది. అందుకే కాస్త వంచి, 30 డిగ్రీల ప్రాంతంలో తూస్తారు. "కాలు యంత్రానికి వదిలెయ్యండమ్మా, మీరు ఎత్తకండి, దించకండి" అని చెప్పి, చేతితో తొడ తాకి కండరం మెత్తగా ఉందో లేదో చూడాలి. చాలామంది భయంతో పట్టేసి ఉంచుతారు.

ఆపే ఏర్పాట్లు మూడు

యంత్రం ఎంత దూరం కదలాలో కంప్యూటర్‌లో పెట్టే హద్దు మొదటిది. లివరు దారిలో బిగించే ఇనుప అడ్డు రెండోది. రోగి చేతిలో పెట్టే ఆపు బటన్ మూడోది, దానికి తోడు యంత్రం మీది ఎర్ర బటన్. కంప్యూటర్ హద్దు పెట్టాం కదా అని ఇనుప అడ్డును వదిలేసేవారున్నారు. పరీక్ష మధ్యలో కరెంటు పోయి వచ్చినప్పుడో, సాఫ్ట్‌వేర్ పాత రోగి హద్దులనే పట్టుకున్నప్పుడో మోకాలిని కాపాడేది ఇనుమే. హద్దును రోగి నొప్పి లేకుండా తానుగా కదిలించగలిగిన దూరానికి కొద్దిగా లోపలే పెట్టాలి.

బటన్‌ను చేతిలో పెట్టి ఊరుకోకూడదు. "నొప్పి వచ్చినా, భయం వేసినా ఇది నొక్కండి" అని చెప్పి, ఖాళీగా కదులుతున్న లివరును వారి చేతే ఒకసారి ఆపించాలి. నొక్కితే ఆగుతుందని కంటితో చూసిన మనిషి ధైర్యంగా తంతుంది. నిజమైన బలం అప్పుడే బయటపడుతుంది. ఇక్కడ కూడా భద్రత, కొలత ఒకే బటన్‌లో ఉన్నాయి.

పడిపోవడాలు చాలావరకు పరీక్షలో జరగవు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ జరుగుతాయి. పూర్తి బలంతో తన్నిన కాలు దిగగానే వణుకుతుంది. కాళ్ల కింద గట్టి మెట్టుపీట, లివరును దారిలోంచి తప్పించడం, చేయి పట్టుకుని దించడం, రెండు నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టడం పరీక్షలో భాగమే.

ఎవరిని అసలు కూర్చోబెట్టకూడదు? అతుకు పడని ఎముక, వాచి వేడిగా ఉన్న కీలు, తీవ్రమైన నొప్పి, కాలి సిరలో రక్తం గడ్డకట్టిన అనుమానం, అదుపులో లేని రక్తపోటు, ఇటీవలి గుండెపోటు. వీళ్లకు ఆనాడు పరీక్ష వద్దు. పూర్తి బలంతో తోసేటప్పుడు మనుషులు ఊపిరి బిగబడతారు, రక్తపోటు ఎగబాకుతుంది. తన్నేటప్పుడు పైకి లెక్కపెట్టమంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

మిగిలిన కీళ్లు, యంత్రం ఆరోగ్యం

మోకాలి గురించి ఇంత తెలుసు కాబట్టి మిగతావీ ఇంతే అనుకోకూడదు. భుజం కీలు అన్ని దిక్కులా తిరుగుతుంది, దాని వెనుక రెక్క ఎముక కూడా కదులుతుంది. చేయిని సరిగ్గా పక్కకు కాకుండా సుమారు 30 డిగ్రీలు ముందుకు, రెక్క ఎముక తలంలో ఉంచితే కీలుకు సుఖం. అయినా మోకాలి పరీక్షలో వచ్చినంత నిలకడైన అంకెలు భుజంలో రావు. చీలమండ దగ్గర మడమ పైకి లేవకుండా కట్టడమే సగం పని. నడుము పరీక్షలో గుండె మీద భారం ఎక్కువ.

యంత్రం ఆరోగ్యం కూడా చూడాలి. తెలిసిన బరువును తెలిసిన దూరంలో వేలాడదీయడం అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష. లివరు మీద అర మీటరు దూరంలో 10 కిలోలు వేలాడదీస్తే తెర మీద 49 న్యూటన్ మీటర్లు కనబడాలి. కనబడకపోతే ఆ రోజు ఎవరినీ కొలవకూడదు. పాత రిపోర్టుల్లో అంకెలు అడుగు-పౌండ్లలో ఉండవచ్చు. ఒక అడుగు-పౌండు 1.36 న్యూటన్ మీటర్లు. అమెరికాలోని కొడుకు దగ్గర పరీక్ష చేయించుకుని వచ్చిన పెద్దాయన రిపోర్టును ఇక్కడి అంకెతో పోల్చేముందు కొలమానం చూడకపోతే, ఆయనకు ఉన్నపళంగా బలం పెరిగినట్టు కనబడుతుంది.

తెర మీద వచ్చే టార్కు రేఖాచిత్రం మొదట్లో కనిపించే సూదిమొన కూడా మోసం చేస్తుంది. స్వేచ్ఛగా దూసుకొచ్చిన కాలిని యంత్రం పెట్టిన వేగం దగ్గర హఠాత్తుగా పట్టి ఆపినప్పుడు ఒక ఎగుడు వస్తుంది. అది కండరబలం కాదని 1980ల తొలినాళ్లలోనే సపేగా బృందం వివరించింది. వేగం పెరిగే కొద్దీ ఈ ఎగుడు పెరుగుతుంది. వేగం స్థిరంగా ఉన్న భాగాన్నే చదవాలి.

అంకె వచ్చాక

సెకనుకు 60 డిగ్రీల వేగంతో 5 సార్లు, 180 డిగ్రీలతో 10 సార్లు అన్నది విరివిగా వాడే పద్ధతి. ముందు 5, 10 నిమిషాలు సైకిల్ తొక్కించి, సగం బలంతో మూడు నాలుగు సార్లు అలవాటు చేసి, మధ్యలో విశ్రాంతి ఇచ్చి, మంచి కాలితో మొదలుపెట్టడం మేలు. ప్రోత్సహించే మాటలు, తెర మీద కనబడే గీత అంకెను పెంచుతాయి. ఒక కాలికి అరిచి, రెండో కాలికి మౌనంగా ఉంటే అది న్యాయమైన తూకం కాదు.

ఈ అంకెల బరువు ఎంత? ఆస్లో, డెలావేర్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొడ ముందు కండరం బలం సహా నిర్ణీత పరీక్షల్లో ఉత్తీర్ణులు కాకుండానే ఆటకు తిరిగివెళ్లినవారిలో 38.2 శాతం మందికి మళ్లీ మోకాలి గాయం అయింది. ఉత్తీర్ణుల్లో 5.6 శాతం మందికే అయింది. తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకూ ప్రమాదం సుమారు సగం తగ్గింది. అదే ఏడాది ఖతార్‌లోని ఆస్పెటార్ ఆసుపత్రి నుంచి వచ్చిన అధ్యయనం, ప్రమాణాలన్నీ అందుకోకుండా వెళ్లిన వృత్తి క్రీడాకారుల్లో లిగమెంటు మళ్లీ తెగే ప్రమాదం నాలుగు రెట్లని తేల్చింది. ప్యాడ్ బెత్తెడు జారితే 78 కాస్తా 91 అవుతుందని గుర్తుచేసుకుంటే, ఈ శాతాలు ఒక్కో మనిషి మోకాలిగా కనబడతాయి.

మంచి కాలితో పోల్చడమే సరైనదా అన్న ప్రశ్న కూడా బలపడింది. నెలల తరబడి ఆడక మంచి కాలు కూడా బలం కోల్పోతుంది. 2017లో వెల్‌సాండ్ట్ బృందం దీన్ని స్పష్టంగా చూపింది. ఆపరేషన్‌కు ముందే మంచి కాలిని కొలిచి దాచుకుంటే తర్వాత నిజమైన కొలబద్ద ఉంటుంది. అంటే ఆరు నెలల కిందటి అమరికను తిరిగి అచ్చంగా పెట్టగలగాలి. సీటు అంకెలు రాసుకోకపోతే అది కుదరని పని.

పెద్ద యంత్రం లేనిచోట

లక్షల రూపాయల ఈ యంత్రం మన జిల్లా కేంద్రాల్లో ఎక్కడో గానీ ఉండదు. మోకాలి ఆపరేషన్ల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌ను చూసి రాకెట్ పట్టిన పిల్లలు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మోకాలి మార్పిడి చేయించుకున్న అమ్మలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వీళ్లకు అరచేతిలో పట్టే చిన్న డైనమోమీటరు చాలు, అమరిక సరిగా ఉంటే. దాన్ని చేత్తో ఆపకూడదు. పరీక్షించేవారి బలం చాలదు. నేలకు బిగించిన బల్ల కాలికి గట్టి బెల్టు కట్టి, ఆ బెల్టులో పరికరాన్ని పెట్టి, మోకాలు 90 డిగ్రీల దగ్గర ఉంచి తోయించాలి. మోకాలి గుర్తు నుంచి పరికరం దాకా దూరాన్ని టేపుతో కొలవాలి. 200 న్యూటన్ల బలం 30 సెంటీమీటర్ల దగ్గర 60 న్యూటన్ మీటర్లు, 35 సెంటీమీటర్ల దగ్గర 70. ఐదు సెంటీమీటర్ల నిర్లక్ష్యం బలాన్ని ఆరో వంతు మార్చేస్తుంది.

చేతి పిడికిలి బలం కొలిచే పరికరానికీ ఇదే సూత్రం. కూర్చుని, భుజం ఒంటికి ఆనించి, మోచేయి 90 డిగ్రీలు వంచి, పిడి రెండో గడిలో పెట్టి నొక్కించాలి. ఆసియా దేశాల నిపుణులు 2019లో ఖరారు చేసిన ప్రకారం మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల కంటే తక్కువైతే వయసుతో కండరం కరుగుతోందేమో చూడాలి. అమరిక చూసుకోకుండా కొలిచిన 17తో ఒక పెద్దావిడను రోగిగా ముద్ర వేయడం సరికాదు.

తేలినవి, తేలనివి

ఇరుసు కుదర్చడం, బెల్టులు బిగించడం, కాలి బరువు తీసేయడం, ఇనుప అడ్డు పెట్టడం, యంత్రాన్ని తెలిసిన బరువుతో సరిచూడడం. వీటి మీద ఇక వాదన లేదు. ఏ వేగం ఎవరికి మేలు, పిడులు పట్టుకోవాలా వద్దా, కొత్త లిగమెంటును ఏ నెలలో ఎంత తన్నించవచ్చు, కుర్చీలో కూర్చుని చూపిన బలం మ్యాట్ మీది మలుపులో ఎంతవరకు పనికొస్తుంది? వీటి మీద వాదన నడుస్తోంది, నడవాలి కూడా. అయితే తేలిన వాటిని పాటించకుండా తేలని వాటి గురించి వాదించడం వృథా. రెండు పరిశోధనల ఫలితాలు కలవనప్పుడు చాలాసార్లు తేడా కుర్చీలో ఉందో, కండరంలో ఉందో చెప్పలేకపోతున్నాం. అమరిక వివరం రాయకపోవడమే దానికి కారణం.

అందుకే నా విన్నపం ఒక్కటి. రిపోర్టులో టార్కు అంకె కింద ఒక వరుస ఖాళీ పెట్టండి. వీపు కోణం, సీటు ముందువెనుకలు, యంత్రం తల ఎత్తు, ప్యాడ్ దూరం, దిండు మందం, హద్దులు, చేతులు ఎక్కడ ఉన్నాయో అందులో రాయండి. రోగులైతే ఆ వరుసను అడగండి. అది లేని రిపోర్టు ఏ కాటా మీద తూచారో చెప్పని బియ్యం చీటీ లాంటిది.

ఆ కబడ్డీ కుర్రాడు మూడోసారి పరీక్షకు వచ్చినప్పుడు పదో నెల. సీటు ఎక్కి కూర్చుని, నేను మర తిప్పుతుండగానే తన ఫైలు తెరిచి చూశాడు. "సార్, కుడి కాలికి పోయినసారి ప్యాడ్ 31 దగ్గర పెట్టారు, ఇప్పుడు 33 ఉంది" అన్నాడు. సరిచేశాను. ఆ రోజు 94 వచ్చింది. బెల్టులు విప్పి, ముందు రెండు కాళ్ల మీద ఎర్రటి గుర్తులు చూశాను. రెండూ చీలమండకు రెండు వేళ్ల పైన, తీరుగా, ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆ తర్వాతే అంకె కింద సంతకం పెట్టాను.